కొండ ఊరి పాత చర్చి వయసును గోడల్లో చదవడం ఎలా?

కొండ ఊళ్లో పాత చర్చి ముందు నిలబడినవారు చాలామంది మొదట వెతికేది ద్వారం మీద చెక్కిన సంవత్సరాన్ని. అది కనిపించగానే చర్చి వయసు తేలిపోయిందనుకుని లోపలికి నడుస్తారు. ఆ అంకెలు అబద్ధం చెప్పవు గాని, అవి దేని సంగతి చెబుతున్నాయన్నది వేరే ప్రశ్న. ఆ ఏడాది ద్వారబంధం మార్చి ఉండవచ్చు, కప్పు తిరగవేయించి ఉండవచ్చు, మంచుకు పగిలిన గోడను మళ్లీ పైకి లేపి ఉండవచ్చు. మిగతా గోడలు అంతకు నాలుగు వందల ఏళ్ల ముందువీ, గంటల గోపురం అంతకు వందేళ్ల తర్వాతదీ కావచ్చు. పాత చర్చిని పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత కొండ ఊళ్లకు అరుదుగా ఉండేది. అందుకే ఉన్నదానికే ఒక వరండా అతికించారు, ఒక కిటికీని వెడల్పు చేశారు, పాత చిత్రం మీద కొత్త పూత పూశారు. అలాంటి కట్టడానికి ఒక్క వయసు ఉండదు, ఒక వరుస ఉంటుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఆ వరుసను ముందుగా తేల్చుకొని, సంవత్సరాలను ఆ పైన దానికి తగిలించాలి. ఈ పనిని తలకిందులుగా చేసినవారే ఎక్కువగా పొరబడతారు.

దీనికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. గీతల నోటు పుస్తకం, పెన్సిల్, కొలత టేపు, దిక్సూచి, బైనాక్యులర్, మంచి టార్చిలైటు చాలు. వీటిలో టార్చిలైటే అన్నిటికన్నా ముఖ్యమైనది. గోడకు ఎదురుగా వేస్తే వెలుగు ఏమీ చెప్పదు. గోడను రాసుకుంటూ పోయేలా పక్కనుంచి వేస్తే పూత కింద మూసేసిన కిటికీ అంచులు, చెరిపేసిన అక్షరాలు, రాళ్ల ఎత్తుపల్లాలు నీడలుగా పైకి తేలుతాయి. ఎండలో ఇదే పని సూర్యుడు చేస్తాడు గనుక, ఒక్కో గోడ మీద వెలుగు ఏటవాలుగా పడే వేళను కనిపెట్టి ఆ వేళకు ఆ గోడ దగ్గర ఉండటం మంచిది.

ఎదుటి వాలు నుంచి మొదలుపెట్టండి

చర్చి గుమ్మం దగ్గరికి వెంటనే వెళ్లకుండా, వీలైతే లోయకు ఎదుటి వాలు మీదికి నడిచి అక్కడ నుంచి దాన్ని చూడండి. కొండ ప్రాంతంలో చదునైన నేల పంటకే చాలదు. అందువల్ల చర్చిని తరచుగా సాగుకు పనికిరాని రాతి గట్టు మీద, వాగు పొంగినా అందని చోట, మంచుచరియలు జారే దారికి పక్కగా కట్టారు. ఆ జాగ్రత్త చాలని చోట కట్టడమే రూపం మార్చుకుంది. స్విట్జర్లాండ్‌లోని దావోస్ దగ్గర ఫ్రావెన్‌కిర్ఖ్ చర్చికి కొండ వైపు గోడ పడవ ముక్కులా కోసుగా ఉంటుంది. పైనుంచి వచ్చే మంచును రెండుగా చీల్చి ఇరుపక్కలకు మళ్లించడమే దాని పని. కొండ వైపు గోడ మందం మిగతా గోడలకన్నా ఎక్కువగా ఉందా, అటువైపు కిటికీలు లేకుండా వదిలేశారా అన్నవి ఎదుటి వాలు మీద నుంచే నోటు పుస్తకంలోకి ఎక్కించుకోదగిన ప్రశ్నలు.

ఊరికీ చర్చికీ ఉన్న దూరం కూడా ఒక ఆధారమే. ఊరి నడుమ కాక రెండు మూడు పల్లెలకు సమదూరంలో ఒంటరిగా నిలిచిన చర్చి ఆ పల్లెలన్నిటికీ ఉమ్మడిది అయి ఉండవచ్చు. కొన్ని చోట్ల ఆ దూరాన్ని చట్టమే నిర్ణయించింది. హంగరీ రాజ్యంలో 1681లో షోప్రోన్ నగరంలో కూడిన చట్టసభ శాసనాలు లూథరన్లకు, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవారికి, ప్రార్థనాలయాలు కట్టుకునే హక్కును గట్టి షరతులతో ఇచ్చాయి. నేటి స్లొవేకియాలోని లెష్టినీ, హ్రోన్‌సెక్ గ్రామాల కొయ్య చర్చిలు ఆ షరతుల కింద లేచినవే. అటువంటి చర్చికి గోపురం లేకపోతే అది కూలిపోయిందని ఊహించడం తప్పు. ఆ షరతుల వల్ల దాన్ని అసలు కట్టనే లేదు. లేనిదానికి కారణం వెతికేటప్పుడు ప్రమాదాలకన్నా ముందు నిబంధనలను గుర్తు చేసుకోవాలి.

తర్వాత దిక్సూచి తీయండి. పాత చర్చిల్లో బలిపీఠం తూర్పు వైపు ఉండటం వాడుక. ఇరుకు గట్టు మీద అది సాధ్యం కాక కొంత పక్కకు తిరిగి ఉంటే ఆశ్చర్యపడనక్కర లేదు. కాని పీఠ భాగం ఒక దిక్కుకూ, భక్తులు నిలిచే నడిమి శాల కొద్దిగా వేరే దిక్కుకూ తిరిగి ఉంటే మాత్రం అక్కడ ఆగాలి. రెండూ ఒకే చేతి పని కాకపోవచ్చు. ఎవరి పేరున చర్చిని ప్రతిష్ఠించారో అదీ కనుక్కోండి. ఎత్తైన శిఖరాల మీద మిఖాయేలు దేవదూత పేరు తరచుగా వినిపిస్తుంది. ప్రయాణికుల దారుల వెంట నికోలాసు పేరు ఉంటుంది. ఆల్ప్స్ గ్రామాల్లో మరొక గుర్తు చాలా ఉపయోగపడుతుంది. క్రిస్టఫర్ పునీతుని రూపాన్ని ఉదయాన్నే చూసినవారికి ఆ రోజు హఠాన్మరణం ఉండదని జనం నమ్మేవారు గనుక, ఆయన బొమ్మను చర్చి బయటి గోడ మీద నిలువెత్తుకు మించి గీయించారు, అదీ బాటసారులకు దూరం నుంచే కనిపించే వైపున. ఈనాటి రోడ్డు అటువైపు లేకపోతే, పాత దారి ఆ గోడ ఎదుట సాగి ఉండవచ్చునని అర్థం చేసుకోవాలి. ఊరి పాత బాటను పటంకన్నా ముందు ఒక బొమ్మ పట్టి ఇవ్వడం నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

గోడలు, అతుకులు

ఇప్పుడు చర్చి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. మొదటి చుట్టులో ఏదీ కొలవకుండా అతుకుల కోసమే చూడండి. ఒకే కాలంలో కట్టిన రెండు గోడలు కలిసే మూలలో రాళ్లు ఒకదానిలోకి ఒకటి పళ్లలా దిగి ఉంటాయి. తర్వాతి కాలంలో కట్టిన గోడ పాత గోడకు ఆనుకొని మాత్రమే నిలబడుతుంది. ఆ రెంటి మధ్య పైనుంచి కిందికి నిట్టనిలువు గీత ఉంటుంది, పునాదుల కుంగుదలలో తేడా వల్ల చాలాచోట్ల అదే పగులుగా మారుతుంది. గోపురానికీ నడిమి శాలకూ మధ్య ఈ గీత ఉన్నదీ లేనిదీ చూడటం మొదటి పని. గీత ఉంటే ఏది దేనికి ఆనిందో చూడండి. పాత గోడకు మూలలో పెద్ద మూలరాళ్లు ఉంటాయి. కొత్త గోడ వాటిని కప్పేస్తే, కప్పబడినదే ముందుది.

కొండ ఊరి గోడ సాధారణంగా దొరికిన రాయితో, అంటే వాగు గుండ్లతో, కొండచరియ నుంచి విరిగిన ముక్కలతో కట్టినది. చెక్కిన రాయి మూలలకు, కమానులకు, ద్వారబంధాలకు మాత్రమే పెట్టగలిగేవారు. కమాను కప్పుకు సులువుగా కోయగల తేలిక రాయి దగ్గరలో దొరికితే దాన్ని వాడేవారు. సున్నం సంగతి మరీ కష్టం. సున్నపురాయి లేని లోయల్లో దాన్ని గాడిదల మీద, కంచరగాడిదల మీద పైకి మోయించాలి, కాల్చడానికి కట్టెలు కావాలి. అందువల్ల గారలో సున్నం పాలు తగ్గి ఇసుక, మట్టి పాలు పెరిగిన గోడ కనిపిస్తే అది నాసిరకపు పని అని తీసిపారేయకూడదు. అక్కడి భూమి ఇచ్చింది అంతే. గార రంగును, అందులోని ఇసుక నలుసుల పరిమాణాన్ని గోడ గోడకూ పోల్చి రాసుకోండి. రాయి ఒకేలా ఉన్నా గార మారితే మేస్త్రీ మారినట్టో, కాలం మారినట్టో. బూడిద రంగులో గట్టిగా, నున్నగా ఉన్న గార పోర్ట్‌లాండ్ సిమెంటుది అయితే అది 1824కు ముందుది కాజాలదు, ఎందుకంటే దానికి పేటెంటు దక్కింది ఆ ఏడాదే. పైగా అలాంటి పూత పాత గోడలోని తేమను బయటికి పోనివ్వదు. దాని చుట్టూ రాయి పొరలుగా రాలుతుంటే ఆ నష్టాన్ని వందల ఏళ్ల కాలం ఖాతాలో వేయకండి.

గోడలో వరుసగా ఒకే ఎత్తున పిడికిలి పట్టేంత చదరపు రంధ్రాలు ఉంటే అవి పరంజా కర్రలు పెట్టినవి. ఆ వరుసల మధ్య ఎత్తును కొలిస్తే మేస్త్రీలు ఒక విడతకు ఎంత లేపారో తెలుస్తుంది. వరుస ఒక చోట తెగిపోయి మరో ఎత్తులో మొదలైతే పని అక్కడ ఆగి మళ్లీ మొదలై ఉండవచ్చు.

కిటికీలు తొందరగా మారే భాగాలు. పాతకాలపు కిటికీ బయటికి సన్నని చీలికలా, లోపలికి వెడల్పుగా తెరుచుకుంటుంది. అద్దం ఖరీదైన రోజుల్లో చలిని ఆపి వెలుగును పరచడానికి అదే ఉపాయం. ఎండ తగిలే దక్షిణపు గోడలో వాటిని తర్వాతి తరాలు పగలగొట్టి పెద్దవి చేశాయి. చల్లగాలి కొట్టే ఉత్తరపు గోడను చాలాచోట్ల ఎవరూ ముట్టుకోలేదు. అందుకే నా సలహా ఏమంటే, చర్చి పుట్టుక గురించి ఉత్తరపు గోడను అడగండి, దాని పెరుగుదల గురించి దక్షిణపు గోడను అడగండి.

శైలిని బట్టి కాలం చెప్పేటప్పుడు కొండల్లో రెండింతలు జాగ్రత్త అవసరం. స్పెయిన్ ఉత్తరాన పైరినీ కొండల్లోని బొయీ లోయలో తొమ్మిది రోమనెస్క్ చర్చిలు, అంటే గోథిక్‌కు ముందటి గుండ్రని కమానుల మధ్యయుగ శైలివి, ఉన్నాయి. యునెస్కో 2000లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ పై అంచున చిన్న చిన్న మూసిన కమానుల వరుస, దాని నుంచి కిందికి దిగే పల్చటి రాతి పట్టీలు, సన్నని చదరపు గోపురం వాటి గుర్తులు. ఇటలీ ఉత్తరాన ఉన్న లొంబార్డీ నుంచి వచ్చిన ఈ పద్ధతికి, దానితో పుట్టిన కట్టడాలకు "మొదటి రోమనెస్క్" అని పేరు పెట్టినవాడు కటలాన్ (స్పెయిన్ ఈశాన్యంలోని కటలోనియా ప్రాంతపు) వాస్తుశిల్పి జోసెప్ పుయిజ్ ఇ కడఫాల్క్. 1907లో కటలాన్ అధ్యయన సంస్థ ఈ కొండ చర్చిలను పరిశీలించడానికి పంపిన బృందంలో ఆయన ఉన్నాడు. ఆ లోయలో తావుల్ అనే ఊరి సెయింట్ క్లిమెంట్ చర్చిని 1123 డిసెంబరు 10న ప్రతిష్ఠించారు. ఆ సంగతి చర్చిలోని స్తంభం మీదే రంగుతో రాసి ఉండేది. మరునాడే అదే ఊళ్లో సెయింట్ మేరీ చర్చిని ప్రతిష్ఠించారు. గోడల శైలి మాత్రం మైదానాల్లో పదకొండో శతాబ్ది నాటికే పాతుకుపోయినది. స్తంభం మీద రాత లేకపోతే, శైలి ఒక్కదాన్నే నమ్మినవారు ఈ చర్చిని ఇంకా పాతదనుకునేవారు. మైదానంలో వాడుక తప్పిన పద్ధతి కొండ మీద మరో వందేళ్లు నడవడం కొత్త కాదు. కాబట్టి శైలి "ఇంతకన్నా ముందుది కాదు" అని చెప్పగలదు గాని, "ఇంతకన్నా తర్వాతది కాదు" అని ఒట్టు పెట్టలేదు.

కప్పు, అటక, కొయ్య

మంచు పడే చోట కప్పుకు రెండు దారులే ఉన్నాయి. మంచు నిలవకుండా జారిపోయేంత ఏటవాలు పెట్టడం ఒకటి. బరువును మోయగల గట్టి దూలాల మీద రాతిపలకలు పరిచి, మంచును అక్కడే నిలవనిచ్చి, దాన్నే చలికి అడ్డంగా వాడుకోవడం మరొకటి. మొదటిదానికి చెక్కపెంకులు తగినవి, రెండోదానికి పలకరాయి. కప్పు వాలుకూ ఇప్పుడున్న పెంకుకూ పొత్తు కుదరకపోతే, ఉదాహరణకు నిట్టవాలు కప్పు మీద బరువైన రాతిపలకలు కనిపిస్తే, రెంటిలో ఒకటి తర్వాత మార్చినదేమోనని అనుమానించాలి. గోపురం గోడ మీద ఇప్పటి కప్పుకు పైన తలకిందులైన ఇంగ్లీషు V ఆకారపు గాటు మిగిలి ఉంటే అది పాత కప్పు ఆనిన గుర్తు. నడిమి శాల ఒకప్పుడు ఇంకా ఎత్తుగా ఉండేదన్నమాట.

కప్పు మీద కప్పు వేసిన చర్చిలకు సైప్రస్‌లోని త్రోదోస్ కొండలు పేరుమోసినవి. అక్కడ యునెస్కో గుర్తించిన పది చిత్రాల చర్చిల్లో చాలావాటికి లోపల బైజాంటియన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) పద్ధతి గుమ్మటమో, కమాను కప్పో ఉంటుంది. బయటి నుంచి చూస్తే ధాన్యపు కొట్టంలా నిటారైన కొయ్య కప్పు, బల్లపరుపు పెంకులు మాత్రమే కనిపిస్తాయి. వానకు, మంచుకు గుమ్మటం తట్టుకోలేదు గనుక దానికి గొడుగు పట్టారు. నికిటారి ఊరి దగ్గరి ఆసినూ చర్చి వీటిలో ఒకటి. దాని ముందున్న నార్థెక్స్ అనే ముఖశాల నడిమి శాలకన్నా తర్వాతది, పన్నెండో శతాబ్ది రెండో సగంలో చేర్చినది. ఇంతకుముందు చెప్పిన అతుకు పాఠానికి అంతకన్నా మంచి బడి దొరకదు.

అటక ఎక్కడానికి అనుమతి దొరికితే వదులుకోకండి. కింద కమాను కప్పుతో మూసేసిన చర్చిల్లో పాత గోడ పైభాగం అటకలో పూత లేకుండా, ఎవరి కంటా పడకుండా మిగిలిపోతుంది. స్విట్జర్లాండ్ తూర్పు కొసన మ్యుస్టెయిర్ గ్రామంలోని సెయింట్ జాన్ మఠం చర్చికి పదిహేనో శతాబ్ది చివర కోసు కమానుల గోథిక్ శైలిలో కమాను కప్పు వేశారు. దానికి పైన మిగిలిన గోడ మీద తొలి కాలపు చిత్రాలు ఉన్నాయని జోసెఫ్ జెంప్, రాబర్ట్ డురర్ అనే ఇద్దరు పరిశోధకులు 1894లో గుర్తించారు. కింది గోడల పూతల వెనకా అవే కొనసాగుతున్నాయని తెలిసినా, వాటిని వెలికి తీసింది 1947 నుంచి 1951 వరకు. అవి క్రీ.శ. 800 ప్రాంతపువి. అటక చూడకపోతే ఆ చర్చి చాలాకాలం గోథిక్ చర్చిగానే చెలామణీ అయ్యేది.

అటకలో దూలాల మీద వడ్రంగులు గాట్లతో పెట్టిన గుర్తులు వెతకండి. చట్రాన్ని నేల మీద కూర్చి, విప్పి, పైకెత్తి మళ్లీ కూర్చేటప్పుడు ఏ వాసం ఏ దూలంలో దిగాలో తెలియడానికి రోమన్ అంకెల లాంటి గీతలు పెట్టేవారు. ఆ అంకెల వరుస సక్రమంగా ఉంటే కప్పు కదలలేదు. తారుమారైతే విప్పి మళ్లీ వేసినట్టు. ఖాళీ గూళ్లు, దేనికీ తగలని మేకు రంధ్రాలు ఉన్న దూలం వేరే కట్టడం నుంచి తెచ్చి పెట్టినది కావచ్చు. మేకులనూ గమనించండి. కమ్మరి కొట్టిన చదరపు మేకులకూ, పంతొమ్మిదో శతాబ్ది రెండో సగం నుంచి వ్యాపించిన యంత్రపు గుండ్రని తీగ మేకులకూ తేడా కంటికే తెలుస్తుంది.

కొయ్యకు కచ్చితమైన సంవత్సరం చెప్పగల పరీక్ష వార్షిక వలయాలది. అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ఏ. ఈ. డగ్లస్ ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో దానికి పునాది వేశాడు. మంచి ఏడు వెడల్పైన వలయం, కరువు ఏడు సన్నని వలయం పడుతుంది. ఆ వెడల్పుల వరుసను ఆ ప్రాంతపు తెలిసిన వరుసతో సరిపోల్చితే చివరి వలయం ఏ ఏటిదో తేలుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. వడ్రంగి బెరడునూ దాని కింది మెత్తని చెక్కనూ చెక్కేసి చేవను మాత్రమే ఉంచితే, చివరి వలయాలు ఎన్ని పోయాయో తెలియదు. అప్పుడు పరీక్ష చెప్పేది "ఈ ఏడాది తర్వాత ఎప్పుడో నరికారు" అని మాత్రమే. బెరడు అంచు మిగిలిన దూలం అందుకే బంగారం. మ్యుస్టెయిర్ చర్చి తొలి కొయ్య 775 నాటిదని ఈ పరీక్షే తేల్చింది. నమూనా తీయడం నిపుణుల పని, దానికి అనుమతులు కావాలి. బెరడు అంచున్న దూలం ఎక్కడుందో గుర్తించి చెప్పడం మాత్రం మీ వల్ల అవుతుంది.

పూర్తిగా కొయ్యతో కట్టిన చర్చిల్లో చూపును ముందు నేల వైపు దించాలి. నార్వేలో తొలి కొయ్య చర్చిల స్తంభాలను నేరుగా గోతుల్లో పాతారు. తేమకు అడుగులు కుళ్లిపోయి అవి నిలవలేదు. తర్వాతివారు రాతి పునాది మీద అడ్డదూలాలు పరిచి, వాటిపై స్తంభాలు నిలిపి, పైన పైన్ చెట్ల తారు పూస్తూ వచ్చారు. నేటికీ మిగిలిన ఇరవై ఎనిమిది దాకా స్తంభ చర్చిల ఆయుష్షు ఆ అడ్డదూలంలో ఉంది. ఫ్యోర్డ్ (కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) గట్టున ఎత్తులో ఉన్న ఉర్నెస్ చర్చి పన్నెండో శతాబ్దిది. దాని ఉత్తరపు గోడలో ఒకదానినొకటి కరుచుకున్న సన్నని జంతువులు చెక్కిన ద్వారం మాత్రం అదే చోట అంతకుముందున్న చర్చిది, పదకొండో శతాబ్దిది. కొత్త గోడలో పాత ద్వారం పెట్టిన ఇలాంటి చోట, చర్చిలోకెల్లా పాత భాగాన్ని చూపి "ఇదే చర్చి వయసు" అనడం, కొత్త ఇంటికి తాతగారి తలుపు పెట్టి ఇల్లు తాతగారిదే అన్నట్టు ఉంటుంది.

లోపల: పూతలు, రాతలు, గంటలు

లోపలికి వెళ్లాక కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చోండి. తర్వాత పూత రాలిన అంచులు వెతికి పొరలు లెక్కపెట్టండి. చిత్రం మీద గింజలు చల్లినట్టు తెల్లని గాట్లు ఉంటే అవి ద్వేషంతో చేసినవి కానక్కర లేదు. కొత్త పూత పట్టుకోవడానికి పాత గోడను మేస్త్రీ సుత్తితో పొడిచిన గుర్తులవి. చిత్రం కింద మరో చిత్రం ఉంటే, పై పొర కింది పొర అంచుల మీద ఎక్కిందా, ఆగిందా అన్నది చూడటమే వరుస తేల్చే మార్గం. చేత్తో ముట్టకండి, పొరను గోటితో గీకి చూడాలన్న ఆశ అసలే వద్దు.

ఏమీ లేని గోడ కూడా కథ చెప్పగలదు. తావుల్ చర్చి చిత్రాలను 1919 నుంచి 1923 మధ్య గోడల మీద నుంచి ఊడదీశారు. చిత్రం మీద జిగురుతో గుడ్డ అతికించి, ఎండాక గుడ్డతో పాటు రంగు పొరను ఒలిచారు. అదే కొండల్లోని మూర్ చర్చి చిత్రాలు అమ్ముడుపోయి, చివరికి అమెరికాలోని బోస్టన్ మ్యూజియం చేరాయి; మిగిలినవీ అలా దేశం దాటిపోతాయన్న భయంతో తావుల్ చిత్రాలను బార్సిలోనాకు తరలించారు. ఇప్పుడు అసలు చిత్రం అక్కడి కటలాన్ జాతీయ కళా మ్యూజియంలో ఉంది. చర్చిలో 2013 నుంచి దాని రూపాన్ని వెలుగుతో గోడ మీద ప్రసరింపజేస్తున్నారు. మీరు చూస్తున్న చిత్రం అసలుదా, నకలా, వెలుగా అన్నది మొదట అడగదగిన ప్రశ్నే.

రాతలు దొరికితే అంకెలను ఓపికగా చదవండి. పదిహేనో శతాబ్ది ఐరోపా రాతల్లో 4 అంకె ఎనిమిదిలో సగం కోసినట్టు మెలికగా, 7 అంకె తలకిందులైన ఇంగ్లీషు V లాగా ఉంటాయి. బైజాంటియన్ ప్రాంతాల్లో ఏళ్లను సృష్టి నుంచి లెక్కిస్తారు, సంవత్సరం సెప్టెంబరులో మొదలవుతుంది. ఆసినూ చర్చి రాతలో ఉన్నది 6614. దాన్ని క్రీస్తు శకంలోకి మార్చడానికి, జనవరి నుంచి ఆగస్టు దాకా అయితే 5508, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అయితే 5509 తీసివేయాలి. అందువల్ల ఆ చిత్రాలను 1105-06 అని రెండేళ్లు కలిపి రాస్తారు.

పీఠాలు, బల్లలు, విగ్రహాల మీద ఎక్కువ సమయం పెట్టనక్కర లేదు. అవి చర్చి నుంచి చర్చికి తేలిగ్గా తిరుగుతాయి. గంటలదీ అదే దారి. గంట మీద పోత పోసిన సంవత్సరం నమ్మదగినదే గాని, అది గంట వయసు, గోపురం వయసు కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ మధ్య ఐరోపాలో గంటలను కరిగించడానికి పట్టుకుపోయారు గనుక, 1920ల నాటి గంట కనిపిస్తే దాని ముందరిది ఏమైందో ఊహించడం కష్టం కాదు.

కాగితాలు

గోడలు చెప్పిన వరుస చేతికొచ్చాకే కాగితాల దగ్గరికి వెళ్లండి. ముందే చదివితే కంటికి కనిపించేదాన్ని కాగితానికి తగ్గట్టు వంచుకుంటాం. కథోలిక ప్రాంతాల్లో జ్ఞానస్నానాల, వివాహాల పుస్తకాలు పెట్టాలన్న ఆదేశం కథోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ 1563లో ఇచ్చినది. మరణాల పుస్తకాలను 1614 నాటి పూజాక్రమ గ్రంథం తప్పనిసరి చేసింది. ఈ పుస్తకాలు మొదలైన ఏడు చర్చి మొదలైన ఏడు కాదని గుర్తుంచుకోవాలి. కట్టడానికి సంబంధించి వీటికన్నా విలువైనవి బిషప్పుల తనిఖీ నివేదికలు. మిలాన్ ఆర్చిబిషప్పు చార్లెస్ బొరోమియో, 1564 నుంచి 1584 వరకు ఆ పదవిలో ఉండి, ఆల్ప్స్ లోయల్లో ఊరూరా తిరిగాడు. అలాంటి తనిఖీల్లో కప్పు కారుతోందని, కిటికీ పెద్దది చేయాలని, పీఠం మార్చాలని రాస్తారు. ఒక నివేదికలో ఆజ్ఞ ఉండి, తర్వాతి నివేదికలో అదే పని గురించి ఫిర్యాదు ఉంటే, ఆ మధ్య కాలంలో పని జరగలేదని తెలుస్తుంది. ఆజ్ఞ కనిపించగానే పని జరిగినట్టు రాసుకోవడం చరిత్రకారులు కూడా చేసిన పొరపాటే.

పాత భూమి పటాలు మరో ఆధారం. ఆస్ట్రియా కేంద్రంగా ఉన్న హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో 1817లో ఆజ్ఞాపించి 1861కి ముగించిన సర్వేలో రాతి కట్టడాలకు ఎరుపు, కొయ్య కట్టడాలకు పసుపు రంగు వేశారు. ఎర్రని చర్చికి పసుపు వరండా ఉంటే, ఇప్పుడున్న రాతి వరండా ఆ సర్వే తర్వాతిదే.

వరుసను కాగితం మీద పెట్టడం

చివరగా నేల పటం గీయండి. లోపలి కొలతలు, బయటి కొలతలు వేరువేరుగా తీసుకుంటే గోడ మందం దానంతట అదే వస్తుంది. మందం ఉన్నట్టుండి మారిన చోట మళ్లీ వెళ్లి చూడాలి. గది నాలుగు భుజాలే కాక రెండు కర్ణాలూ కొలవండి, లేకపోతే మూలలు సరిగ్గా చదరమా కాదా తెలియదు. పటంలో ఒక్కో దశకు ఒక్కో రంగు వేసి, సంవత్సరాలు రాయకుండా ఒకటో దశ, రెండో దశ అని మాత్రమే గుర్తు పెట్టండి. తర్వాత ప్రతి దశ పక్కన రెండు గడులు గీసి, మొదటిదానిలో ఏ ఏడాదికన్నా ముందు జరిగి ఉండదో, రెండోదానిలో ఏ ఏడాదికన్నా తర్వాత జరిగి ఉండదో రాయండి. దేని వల్ల ఆ మాట అంటున్నారో పక్కనే రాయాలి: గార అతుకు, కప్పు గాటు, గంట రాత, తనిఖీ నివేదిక. కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి, మిగలనివ్వండి. ఊహతో నింపిన గడి తర్వాత వచ్చేవారికి ఆధారంలా కనిపిస్తుంది.

ఇలాంటి చర్చిలు చాలావరకు తాళం వేసి ఉంటాయి, తాళంచెవి పక్కింటి ఎవరి దగ్గరో ఉంటుంది. దాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు మీ పటం నకలు కూడా ఇచ్చి, మీకు అర్థం కాని అతుకులను చూపించండి. ఏ ఏడు వరండా తిరగవేశారో, మూసేసిన తలుపు మీద తమ చిన్నప్పుడు ఏమి కనిపించేదో ఆ ఇంటివారికి గుర్తుండవచ్చు. ఆ మాటను వారు చెప్పినట్టుగానే, చెప్పిన తేదీతో, ఖాళీ గడి పక్కన రాసుకోండి.